బీ బామ్ మన ఎండలకు బతుకుతదా? (మిర్యాలగూడ, మిద్దె మీద)

మిర్యాలగూడ మిద్దెతోట – అక్టోబర్ 6

అందరికీ నమస్తే. బీ బామ్ మొక్క పెంచినోళ్లు ఎవరన్న ఉంటే జర చెప్పుండ్రి. పోయిన జులైల మా బిడ్డ దగ్గరికి ఒహాయో పోయిన, వాళ్ల ఇంటెనక కంచె పొంటి ఎర్రపూల మొక్కలు నడుమెత్తు పెరిగి ఉన్నయ్, పువ్వేమో చిచ్చుబుడ్డి ఎగజిమ్మినట్టు నలుదిక్కులా రేకులు, పొద్దుగాల చాయ్ పట్టుకొని పోయి నిలబడితే తేనెటీగలు, తుమ్మెదలు, ఆ చిన్న హమ్మింగ్ పిట్టలు ఒకదాని మీద ఒకటి వాలుతుండె. ఆకు నలిపి చూస్తే వాము వాసన, దాంట్ల నిమ్మతొక్క వాసన కలిసినట్టు. మా నాయనకు నిడమనూరు దిక్కు బత్తాయి తోట ఉండె, పూత మీదున్నప్పుడు తోటల అడుగువెడితే జుయ్యిమని ఒకటే మోత, మళ్ల ఇన్నేండ్లకు ఆ చప్పుడు అక్కడ విన్న.

వచ్చినంక ఆన్‌లైన్ల బీ బామ్ అని ఒక ప్యాకెట్ తెప్పించి సెప్టెంబర్ రెండో వారంల పోసిన, మొలిచినయ్, ఇప్పుడు ఆరారు ఆకులున్నయ్. నా భయమేందంటే మా మిద్దె మీద మే నెలల చెప్పులు లేకుండ నడవలేం, 44, 45 డిగ్రీలు, పైగా బోరు నీళ్లు, కుండీ అంచుల పొంటి తెల్లగ ఉప్పు పేరుకుంటది. బతుకుతయా ఇవి?

పాలమూరు చెల్క – అక్టోబర్ 6

అక్కా నమస్తే. నేను మూడేండ్ల నుంచి దీనెనక పడ్డ, కాబట్టి కొంచెం పెద్దగనే రాస్త, ఓపిక పట్టి చదువు.

ముందుగాల బీ బామ్ అంటే ఒక్క మొక్క కాదు. మీరు ఒహాయోల చూసిన ఎర్రది మొనార్డా డిడిమా. దానికి ఎప్పుడూ తడి ఉండే నేల కావాలె, చలికాలం మంచు పడి పైన మొత్తం ఎండిపోయి మళ్ల వేర్ల కాడికెళ్లి లేచే అలవాటు. నేను మొదటి ఏడు అదే పెట్టిన. జూన్ల పోసిన, సంక్రాంతి దాక ఆకులు నిగనిగలాడినయ్, ఉగాది దాటినంక రోజుకు రెండుసార్లు నీళ్లు పోసినా మధ్యాహ్నానికి తల వాల్చేది, ఏప్రిల్ ఆఖరుకు ఒక్కటి మిగలలే. గ్రీన్ నెట్ కింద పెట్టినా అంతే, ఎండ ఒక్కటే కాదు, రాత్రి పూట కూడ చల్లబడని గాలి దానికి పడదు.

రెండో ఏడు ఊదారంగు పూలది, మొనార్డా ఫిస్టులోసా. ఇది గట్టిది. జామచెట్టు కింద నేలల పెట్టిన, ఎండాకాలం దాటింది, ఇప్పటికీ ఉంది, కని రెండు చలికాలాలు పోయినయ్ ఒక్క మొగ్గ పెట్టలే. వాసన కోసం ఉంచుకున్న.

మూడోసారి లెమన్ బీ బామ్, మొనార్డా సిట్రియోడోరా. టెక్సాస్, మెక్సికో దిక్కు ఎండల్ల పుట్టిన మొక్క, ఒక్క ఏడాదిదే, పూసి గింజ కట్టి చచ్చిపోతది. అక్టోబర్ల పోస్తే ఫిబ్రవరి చివర్ల పూత పట్టింది, ఏప్రిల్ల గింజలు తీసుకున్న. అంటే మే నెలకు అది మిద్దె మీద ఉండనే ఉండదు, మన ఎండతోని కొట్లాడే పనే లేదు. మన దగ్గర బీ బామ్‌ను శెనగల్లెక్క యాసంగి పంట అనుకోవాలె, నేను నేర్చుకున్నది ఇదొక్కటే.

మీ ప్యాకెట్ మీద ఏ రకమని రాసుంది?

దేవరకొండ పూలకుండీలు – అక్టోబర్ 6

నేను కూడ ఈ ముచ్చట ఫాలో అయిత. నాకున్నది చిన్న బాల్కనీ, పొద్దుగాల ఎండ మాత్రమే పడ్తది. దీన్ని తెలుగుల ఏమంటరు? నర్సరీల అడిగితే మొకం చూస్తున్నరు.

వనపర్తి బోటనీ టీచర్ – అక్టోబర్ 7

తెలుగు పేరు లేదమ్మా, మన మొక్క కాదు కదా, ఉత్తర అమెరికాది. బీ బామ్ అనండి, లేదా మొనార్డా అనండి. నికొలాస్ మొనార్డెస్ అని 16వ శతాబ్దంలో స్పెయిన్‌లోని సెవిల్లె నగరంలో ఒక వైద్యుడు ఉండేవాడు, అమెరికా ఖండం నుంచి ఓడల్లో వచ్చే మందు మొక్కల గురించి పుస్తకాలు రాశాడు, ఆయన పేరే ఈ జాతికి పెట్టారు. తేనెటీగ కుట్టిన చోట ఆకు నలిపి రాసేవాళ్లు కాబట్టి బీ బామ్ అన్నారు. న్యూయార్క్ రాష్ట్రంలోని ఆస్వీగో ప్రాంతంలో అక్కడి ఆదివాసులు ఈ ఆకుతో టీ కాచుకునేవాళ్లు, ఎర్రరకానికి ఆస్వీగో టీ అనే పేరు అక్కడిదే.

కుటుంబం మాత్రం మనకు బాగా తెలిసిందే. తులసి, పుదీనా, రుద్రజడ, వామాకు, తుమ్మి, అన్నీ ఒకే కుటుంబం. కాండం వేళ్ల మధ్య పెట్టి తిప్పి చూడండి, గుండ్రంగా ఉండదు, నాలుగు పలకలుగా తగులుతుంది. మా పిల్లలకు ఈ పాఠం చెప్పేటప్పుడు ముందు తులసి కొమ్మే చేతికిస్తాను.

మిర్యాలగూడ అక్కగారూ, మీ మొక్క ఆకు ఆకారం ఎలా ఉందో కాస్త చెప్పగలరా? నాకొక అనుమానం ఉంది.

మిర్యాలగూడ మిద్దెతోట – అక్టోబర్ 7

ప్యాకెట్ మీద ఉత్త బీ బామ్ అనే ఉంది, ఎర్రపువ్వు బొమ్మ ఉంది. ఇప్పుడే పైకి పోయి చూసొచ్చిన సార్. ఆకు వెడల్పుగ ఉంది, గుండె ఆకారం అనొచ్చు, అంచు పొంటి రంపం కాదు, చిన్న చిన్న గుండ్రటి కోతలు, పైన ముడతలు ముడతలు, పుదీనాకు అన్న లెక్క. నలిపితే పక్కా నిమ్మ వాసన. వాము వాసన లేదు. కాండం పలకలుగనే ఉంది.

వనపర్తి బోటనీ టీచర్ – అక్టోబర్ 7

నా అనుమానం నిజమే అయింది. అది బీ బామ్ కాదమ్మా, లెమన్ బామ్. మెలిస్సా అఫిసినాలిస్. బామ్ అనే మాట రెండిటికీ ఉండేసరికి ప్యాకెట్లలో తారుమారవుతుంటుంది. లెమన్ బీ బామ్ ఆకు సన్నగా పొడుగ్గా ఈటె మొనలాగా ఉంటుంది, నిమ్మ వాసన వెనకాలే ఘాటు తగులుతుంది. మీ దాంట్లో ఆ ఘాటు లేదంటే ఇక సందేహం లేదు. లెమన్ బామ్ పూలు తెల్లగా చాలా చిన్నవి, మీరు ఒహాయోలో చూసిన పూలు వాటి నుంచి రావు. అయితే పారేయకండి, ఆకు టీకి చాలా బాగుంటుంది. మెలిస్సా అంటే గ్రీకులో తేనెటీగ అనే అర్థం, ఈగలకు ఇష్టమైన మొక్కే.

మిర్యాలగూడ మిద్దెతోట – అక్టోబర్ 8

నిన్న చదివి శాన బాధైంది సార్, రాత్రి రాయబుద్ధి కాలే. నెల రోజులు పొద్దున సాయంత్రం స్ప్రే బాటిల్‌తోని తడిపి పసిపిల్లల్ని చూసుకున్నట్టు చూసుకున్న. సరే, వాటిని అట్లనే ఉంచుత, వాటి తప్పేముంది. మా బిడ్డ ఫోన్ల విని డిసెంబర్ల వచ్చేటప్పుడు గింజలు పట్టుకొస్త అంటున్నది. ఆగాల్నా?

నకిరేకల్ నిమ్మతోట – అక్టోబర్ 8

అక్కా వద్దు. బయటి దేశం నుంచి గింజలు, మొక్కలు తేవాలంటే పర్మిట్ కావాలె, అక్కడి అధికారుల కాడికెళ్లి మొక్కలకు రోగం లేదని సర్టిఫికెట్ కావాలె, 2003 ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ అని ఉంది. ఎయిర్‌పోర్టుల ఆపుతరని భయపెడ్తలేను, మాది మూడెకరాల నిమ్మ, ఒక కొత్త తెగులు వస్తే ఏమైతదో తోట ఉన్నోడికే తెలుస్తది. గింజతోని కంటికి కనపడకుండ ఏదన్న రావొచ్చు. మన దేశంల దొరికే గింజలే తీసుకో.

పాలమూరు చెల్క – అక్టోబర్ 8

తమ్ముడు చెప్పింది నూటికి నూరు పాళ్లు కరెక్ట్. అక్కా నా దగ్గర పోయిన ఏప్రిల్ల తీసిన లెమన్ బీ బామ్ గింజలున్నయ్, కవర్ల పెట్టి పంపిస్త, అడ్రస్ ఇక్కడ పెట్టకు, మెసేజ్ చెయ్యి. సమయం మించిపోలే, అక్టోబర్ మూడో వారం దాక మంచిదే.

ఎట్ల పొయ్యాల్నో చెప్త. గింజ ఆవగింజ కంటె చిన్నగుంటది, మట్టి కప్పొద్దు, అందరు చేసే తప్పు అదే. దానికి మొలవాలంటే వెలుతురు తగలాలె. ట్రేల మట్టి తడిపి, గింజల్ని ఇసుకల కలిపి పైన చల్లి, అరచేత్తోని మెల్లగ అదిమి వదిలెయ్. పైకెళ్లి నీళ్లు పొయ్యకు, ట్రేను నీళ్ల తాంబాళంల కూసోబెడితే కిందికెళ్లి పీల్చుకుంటది. పది నుంచి ఇరవై రోజులు పడ్తది, వారానికే రాలేదని తవ్వి చూడకు.

కుండీ మట్టి బలంగ ఉండొద్దు. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు దొడ్డు ఇసుక, ఒక పాలు బాగ మాగిన పశువుల ఎరువు, చాలు. మా ఇంటి ఎన్క చెల్క మట్టిల ఏం కలపకుండ పెట్టినయే అన్నిటికంటె బాగ పూసినయ్. యూరియా గిట్ల వేస్తే ఆకు గుబురు పెరిగి పువ్వు తక్కువైతది, బూడిద తెగులు కూడ ముందు దానికే పడ్తది.

దేవరకొండ పూలకుండీలు – అక్టోబర్ 9

అన్నా కోకోపీట్, అదే కొబ్బరిపీచు పొట్టు, కలపాల్నా? వీడియోలల్ల అందరు సగం కోకోపీటే అంటున్నరు.

పాలమూరు చెల్క – అక్టోబర్ 9

చెల్లె, నారు ట్రేల వరకు పర్వాలేదు. కుండీల వద్దు, నీళ్లు పట్టుకొని కూసుంటది, దీని వేర్లకు నీళ్లు జారిపోవాలె.

దేవరకొండ పూలకుండీలు – అక్టోబర్ 9

మిద్దె మీద పెట్టేటోళ్లకు ఉత్త ఎర్రమట్టి అయితే బరువు కాదా అన్నా, ఇటుక లెక్క గట్టిపడ్తది కూడ. నేను కొంచెమన్న కలుపుత, నా బాల్కనీల గాలి ఎక్కువ, తొందరగ ఎండిపోతది.

పాలమూరు చెల్క – అక్టోబర్ 9

గాలి ఎక్కువుంటే నాల్గో వంతు కలుపుకో, నీ బాల్కనీ సంగతి నీకు తెలిసినంత నాకు తెల్వదు. ఇసుక మాత్రం తగ్గియ్యకు.

అచ్చంపేట పుట్టతేనె – అక్టోబర్ 11

ఆలస్యంగ చూసిన, పెట్టెల పనిల ఉన్న. తేనెటీగలు పెంచేటోని లెక్క రెండు మాటలు చెప్తా.

మొదటిది, ఎర్ర బీ బామ్ పువ్వు గొట్టం పొడుగు. అది ఆ హమ్మింగ్ పిట్ట ముక్కుకు సరిపోయే పువ్వు. మన పుట్ట తేనెటీగ నాలుక అంత లోపటికి అందదు. మన దగ్గర దానికి పనికొచ్చేటియి తేనెపిట్టలు, ఇంక పొడుగు నాలుక ఉన్న నీలిచారల తేనెటీగ, మొద్దులకు బొక్కలు పెట్టే నల్ల గండు తుమ్మెద. తుమ్మెద అయితే గొట్టం పక్కకెళ్లి చీరి తేనె గుంజుకుంటది. కాబట్టి అక్కా, ఆ ఎర్రది రాకపోయినా ఈగల లెక్కన నీకు పెద్ద నష్టం లేదు.

రెండోది వాసన. మీరు వాము వాసన అన్నరు చూడుండ్రి, అది వామపువ్వే, థైమాల్ అంటరు. మేము ఇటాలియన్ ఈగల పెట్టెలల్ల నల్లులు పడితే ఆ థైమాల్ పలుకులే వాడుతం. ఒహాయోల కంచె పొంటి ఉన్న మొక్కల, మా పెట్టెల్ల పెట్టే మందుల ఒక్కటే సరుకు ఉందని నేను కూడ మొదట నమ్మలే.

ఇంకో మాట, ఇది అన్నిటికంటె ముఖ్యం. లెమన్ బీ బామ్ పూసేది ఫిబ్రవరి, మార్చిల. అప్పటిదాక ఈగలకు ఏం పెడ్తరు? ఇయ్యాల రెండు కుండీలల్ల సబ్జా గింజలు చల్లుండ్రి. రెండు నెలలకు పువ్వు పట్టుకుంటది, ఈగలు దారి నేర్చుకుంటయ్. ఒకసారి మీ మిద్దె వాటి తోవల పడ్డదంటే మళ్ల బీ బామ్ పూసినప్పుడు ఎవరూ చెప్పాల్సిన పని లేదు. తుమ్మి కూడ ఎక్కడన్న దానంతట అది మొలిస్తే పీకెయ్యకుండ్రి. తెల్లటి చిన్న పువ్వు, శివుడికి పెడ్తం, దాని మీద ఈగ వాలినప్పుడు కొమ్మ ఇట్ల వంగి మళ్ల లేస్తది చూడుండ్రి. నల్లమలల వానాకాలం తర్వాత అడవి అంచుల పొంటి తుమ్మే తుమ్మి.

నకిరేకల్ నిమ్మతోట – అక్టోబర్ 11

అన్నా మీ మాట మీద ఒకటి అడుగుత. మా నిమ్మ పూత టైంల రసం పీల్చే పురుగుకు మందు కొడ్తం. పోయిన సారి కొట్టిన తెల్లారి బోరు కాడ తేనెటీగలు కుప్ప పడి ఉన్నయ్, కాళ్లు కొట్టుకుంటున్నయ్, చూడలేకపోయిన. షాపాయన ఏదిస్తే అది కొట్టిన. మిద్దె మీద పూలు పెట్టి పక్కన తోటల మందు కొడితే ఏం లాభం?

అచ్చంపేట పుట్టతేనె – అక్టోబర్ 12

తమ్మీ నువ్వు చూసి బాధపడ్డవ్, అదే పెద్ద సంగతి. డబ్బా మీద ఇమిడాక్లోప్రిడ్ అనో థయామెథోక్సామ్ అనో ఉంటే పూత మీద అసలు ముట్టుకోకు, అది చెట్టు లోపలికి పోయి పువ్వు తేనెలకు కూడ వస్తది. తప్పదంటే పూత ముందు గని, పిందె పట్టినంక గని. వేపనూనె అయినా పొద్దుగూకినంకనే కొట్టు, అప్పటికి ఈగలు గూటికి చేరుకుంటయ్. నిమ్మకు కూడ ఈగ వాలితేనే పిందె బాగ నిలబడ్తది, నీ పంట నువ్వే కాపాడుకున్నట్టు.

మిర్యాలగూడ మిద్దెతోట – నవంబర్ 14

పాలమూరు తమ్ముడు పంపిన గింజలు అక్టోబర్ 16న పోసిన, 12వ రోజు మొలకలు కనపడ్డయ్. కని మొన్నటి రెండు రోజుల ముసురుకు ట్రేల ఒక మూలకున్న మొలకలు మొదలు కాడ దారం లెక్క సన్నబడి పక్కకు పడిపోయినయ్. సబ్జా మాత్రం జోరుగుంది.

పాలమూరు చెల్క – నవంబర్ 14

నారుకుళ్లు అక్కా. పడిపోయిన మొలకల్ని చుట్టూ మట్టితోని సహా చెంచాతోని ఎత్తి పారెయ్, ట్రే గాలి ఆడే తాన పెట్టు, పైన ఆరినంకనే నీళ్లు. మిగిలినయి నాలుగాకులు రాంగనే పది అంగుళాల కుండీకి రెండు చొప్పున మార్చు, అంతకంటె ఎక్కువ పెట్టకు, ప్రాణం ఒప్పకపోయినా సరే.

మిర్యాలగూడ మిద్దెతోట – డిసెంబర్ 27

పదకొండు మొక్కలు మిగిలినయ్. ఆకు సన్నగ పొడుగ్గ సార్ చెప్పినట్టే ఉంది, నలిపితే నిమ్మ, ఎన్కనే వాము, ఒహాయో వాసన ముక్కుకు తగలంగనే కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. బోరు నీళ్ల సంగతి ఏం చెయ్యాలె? ఇంకోటి, పొగమంచు పడుతుంది వారం నుంచి, రెండు మొక్కలకు కింది ఆకుల మీద పిండి చల్లినట్టు తెల్లగ వచ్చింది.

వనపర్తి బోటనీ టీచర్ – డిసెంబర్ 27

తెల్లది బూడిద తెగులు, మొనార్డాలకు ఇది ఇంటి జబ్బు లాంటిది. పట్టిన ఆకులు తుంచి కుండీలో కాకుండా దూరంగా పారేయండి, మొక్కల మధ్య జానెడు జాగా పెంచండి, పొద్దున్నే మొదట్లో మాత్రమే నీళ్లు పోయండి. ఒక పాలు పాలకు తొమ్మిది పాళ్లు నీళ్లు కలిపి ఎండ ఉన్న పొద్దుట పూట వారానికోసారి పిచికారీ చేయండి. దానికీ తగ్గకపోతే నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు, కానీ ఎండలు ముదిరాక గంధకం కొట్టొద్దు, ఆకు మాడుతుంది. టీకి కోసుకునే ఆకుల మీద కూడా వద్దు.

నీళ్ల గురించి మరీ భయపడకండి, ఈ మొక్క పుట్టింట్లో సున్నపురాయి నేలల్లో పెరుగుతుంది. ఉప్పు పేరుకోకుండా నెలకోసారి కుండీ అడుగు నుంచి బాగా కారిపోయేదాకా ఒకటికి రెండు బకెట్లు మంచినీళ్లు పోసి కడిగేయండి, అంతే.

దేవరకొండ పూలకుండీలు – జనవరి 30

నావి జానెడు కూడ లేవ్, తీగ లెక్క సాగి ఒకదాని మీద ఒకటి పడ్తున్నయ్.

పాలమూరు చెల్క – జనవరి 30

ఎండ చాలట్లే చెల్లె. ఆరు గంటలన్న ఎండ పడాలె. తల కొసలు గిల్లి మిద్దె మెట్ల మీదికి మార్చు.

మిర్యాలగూడ మిద్దెతోట – మార్చి 3

పూసినయ్!!

నాలుగు రోజుల నుంచి మొగ్గ ఉబ్బుతుంటే చూస్తున్న. ఇది ఒహాయో పువ్వు లెక్క లేదు, వేరే అందం. కాండానికి చుట్టు ఒక వరుస, దాని మీద ఇంత ఎడం ఇచ్చి ఇంకో వరుస, దాని మీద ఇంకోటి, అచ్చం బతుకమ్మ పేర్చినట్టు. లేత ఊదారంగు, కింది వరుస ముందు విచ్చింది, పైది ఇంక ఆకుపచ్చగనే ఉంది. రేకులనుకున్నయి రేకులు కావంట, పువ్వు కింద రంగు పట్టిన ఆకులంట, అసలు పువ్వు వాటి నడుమ సన్నగ నోరు తెరిచినట్టు ఉంటది, లోపట చిన్న చిన్న చుక్కలు.

పొద్దుగాల ఏడున్నరకు సబ్జా మీదున్న ఈగలు ఒకటి రెండు ఇటు తిరిగినయ్. తర్వాత ఒకటొచ్చింది, పొట్ట మీద నీలం గీతలు మెరుస్తున్నయ్, గాలిల నిలబడినట్టే నిలబడి నాలుక ముందే చాపుకొని వచ్చి ఒక్కో పువ్వుకు రెండు సెకన్లు, మళ్ల ఇంకో పువ్వు. అచ్చంపేట అన్నా, నువ్వు చెప్పిన నీలిచారలది అదేనా? మా ఆయనను పిలిస్తే చప్పుడు చెయ్యకుండ వచ్చి పక్కన కూసున్నడు, ఎనిమిది దాక ఇద్దరం కిందికి దిగలే. బిడ్డకు వీడియో కాల్ చేసి ఫోన్ పువ్వు దగ్గర పెట్టిన, మోత వినపడుతుందా అంటే వినపడుతుందమ్మా అన్నది.

అచ్చంపేట పుట్టతేనె – మార్చి 3

అదే అక్కా. అది గుంపుల ఉండదు, ఒక్కతే నేలల బొరియ చేసుకొని ఉంటది. మీ ఇంటి చుట్టు ఎక్కడన్న పాత మట్టిగోడో, ఎండ తగిలే ఉత్త మట్టి జాగానో ఉంటే సిమెంట్ చెయ్యకుండ్రి.

మిర్యాలగూడ మిద్దెతోట – మార్చి 4

మా పక్కింటి పాత గోడ ఉంది అన్నా, ఈ ఎండాకాలం కూలగొడ్తమన్నరు. పోయి మాట్లాడుత.

పాలమూరు చెల్క – మార్చి 4

అక్కా పూలు వాడిపోయినయని కొయ్యకు. కింది వరుసలు గోధుమరంగు తిరిగి గలగల అన్నప్పుడు తలలు కోసి పేపర్ కవర్ల బోర్లా ఏలాడదీయ్, వారానికి గింజలు కవర్ల రాలిపడ్తయ్. పేపర్ కవరే, ప్లాస్టిక్‌ల బూజు పడ్తది. మీద నెల, సంవత్సరం రాసి పెట్టు.

దేవరకొండ పూలకుండీలు – మార్చి 5

నావి మెట్ల మీద నాలుగే ఉన్నయ్, ఒకదానికి మొగ్గ వచ్చింది. అక్కా నాకు కొన్ని గింజలు పెడ్తవా?

మిర్యాలగూడ మిద్దెతోట – మార్చి 5

పెడ్త చెల్లె. నకిరేకల్ తమ్మునికి కూడ ఒక కవర్ తీసిపెడ్త, నిమ్మచెట్ల నడుమ చల్లుకుంటడు. అక్టోబర్ మొదటి వారంల పంపిస్త.

నకిరేకల్ నిమ్మతోట – మార్చి 5

చల్లుత అక్కా. ఈసారి పూత మీద మందు ఆపేసిన, సబ్జా కూడ గట్ల పొంటి వేసిన. బోరు కాడ ఒక్క ఈగ పడిలేదు.